హుసేనప్ప ఎంచుకున్న ఊరు

తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అని మన వైపు ఒక సామెత ఉంది. అనేవాళ్ళకు అది నవ్వులాట. పడేవాళ్ళకు చెప్పులో రాయి. హుసేనప్ప మాస్టరు ఆ రాయి మీదే పెరిగాడు, చదివాడు, పెళ్ళి చేసుకున్నాడు, బళ్ళారి బడిలో ఇంగ్లీషు చెప్పాడు. ఎవరైనా ఆ సామెత విసిరితే తనూ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకోసారి విసురుతారని చిన్నప్పుడే తెలుసుకున్నాడు.

దూదేకులవాళ్ళు నమాజు చేస్తారు, ఉపవాసాలుంటారు, మొహర్రంలో పీర్లనెత్తుతారు. ఇంట్లో మాత్రం పుట్టింది మొదలు మట్టిలో కలిసేదాకా తెలుగే. పేర్లు కూడా అటు సగం, ఇటు సగం. బళ్ళారి కౌల్‌బజారులో ఉర్దూ మాట్లాడే సాహెబులు వాళ్ళను చూసి, మనవాళ్ళే కానీ పూర్తిగా మనవాళ్ళు కారనేవారు. దగ్గరి పల్లె రూపనగుడి రైతులు కూడా అచ్చం ఆ మాటే అనేవారు. రెండు వైపులా చుట్టాలే, ఏ వైపూ పీట వెయ్యరు.

హుసేనప్ప తండ్రి పకీరప్పది రూపనగుడి. భుజాన ఆరడుగుల విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. వీధిలోకి రాగానే కేక వేసేవాడు కాదు. విల్లు నారిని ఒకసారి లాగి వదిలేవాడు. ఆ మోత విని ఆడవాళ్ళు గడ్డకట్టిన పరుపులు, దుప్పట్లు బయట పడేసేవారు. పకీరప్ప అరుగు మీద కూర్చుని కొయ్యతో నారిని కొడుతుంటే దూది పొగలా లేచేది. ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు, మళ్ళీ ఒక పెద్ద దెబ్బ. పక్కన కూర్చుని గింజలు ఏరే హుసేనప్ప చెవిలో ఆ దరువు నిలిచిపోయింది.

తర్వాత మిషను బడిలో దొరసాని ఇంగ్లీషు చదువుతుంటే విన్నప్పుడు అతనికి ఒళ్ళు ఝల్లుమంది. ఆమె అన్ని మాటలనూ సమానంగా పలకడం లేదు. ఒకదాని మీద బరువు వేసి, రెంటిని తేలిగ్గా దాటి, మళ్ళీ ఒకదాని మీద బరువు వేస్తోంది. ఇది నాయన దెబ్బే అనుకున్నాడు. అంతే, తక్కిన పిల్లలకు కొరకరాని కొయ్యగా ఉన్న ఇంగ్లీషు అతనికి మెత్తబడింది. తను మాస్టరయ్యాక అదే పద్ధతి పెట్టుకున్నాడు. బల్ల అంచు మీద చెక్కస్కేలుతో దరువు వేస్తూ వాక్యం చెప్పేవాడు, క్లాసంతా ఆ దరువు మీద తిరిగి చెప్పేది. పక్క గదుల మాస్టర్లు ఆయన క్లాసును దూదేకుల బడి అని వెక్కిరించేవారు. పరీక్షల్లో ఇంగ్లీషు మార్కులు చూసి మాత్రం గమ్మునుండేవారు.

పనితనం ఉంటే సరిపోతుందా? బళ్ళారి మైసూరు సీమలో కలిశాక తెలుగు తరగతులు ఏడాదికొకటి మూతబడుతూ వచ్చాయి. హుసేనప్పది ఎప్పుడూ తాత్కాలిక ఉద్యోగమే. కన్నడ బడికి వెళ్తే, మాట్లాడతావు సరే, కన్నడంలో పరీక్ష పాసయ్యావా అన్నారు. ఉర్దూ బడికి వెళ్తే, ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా అని నోరు వెళ్ళబెట్టారు. ప్రతి వేసవిలోనూ, బడి తెరిచాక తనను మళ్ళీ పిలుస్తారో లేదో అని ఎదురుచూడటమే అతని పని.

అలాంటి వేసవిలో, యాభైతొమ్మిదిలో, తోటి మాస్టరు దయాసాగర్ ఒక కబురు తెచ్చాడు. పరాయి దేశాలవాళ్ళు ఇంగ్లీషు చెప్పడానికి మనవాళ్ళను తీసుకుపోతున్నారట, బొంబాయిలో మాట్లాడి ఎంచుకుంటారట. రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి కువైత్, అరబ్బుల ఊరు, అక్కడ ఒక పెద్ద వర్తకుడు బడి పెట్టాడు. రెండోది అబిసీనియా దేశంలో హరార్ అనే ఊరు.

"రెండిటికీ రాసెయ్యప్పా. ఈడ నిన్ను ఒకరూ పిలిచేది ల్యా. ఆడన్నా నువ్వే ఎంచుకుందువు," అన్నాడు దయాసాగర్.

ఎంచుకోవడం అనే మాట హుసేనప్పకు కొత్త. ఇన్నాళ్ళూ అతన్ని ఒకరు ఎంచడమో, ఏరి పారేయడమో జరిగింది తప్ప, అతను దేన్నీ ఎంచుకున్నది లేదు.

అతను ఎంచుకునేలోపే ఊరు ఎంచేసింది. ముసల్మాను అరబ్బుదేశానికి కాక ఇంకెక్కడికి పోతాడని అందరిదీ ఒకటే పాట. మక్కా పక్కనే, హాజీవై తిరిగి రావచ్చన్నారు బంధువులు. హరార్ పేరు చెబితే, అది ఏ అడవిలో ఉందోనన్నారు.

అందరికంటే గట్టిగా చెప్పినవాడు కౌల్‌బజారులో అత్తరు దుకాణం పెట్టిన వహాబ్ సాహెబ్. ఆయన పెద్దమనిషి, మసీదులో ముందు వరసలో నిలబడేవాడు. హుసేనప్ప మీద నిజంగానే ప్రేమ ఉంది. కాకపోతే ఆ ప్రేమ దర్జీవాడి ప్రేమ లాంటిది, మనిషిని చూస్తే ఎక్కడ కత్తిరించాలా అనిపించేది ఆయనకు.

"కువైత్‌కే పోవల్ల నువ్వు. కానీ హుసేనప్ప అనే నామ్‌తో పోతే నిన్ను చూసి ముసల్మాను అంటాడా అరబ్బు? ఆ అప్ప తీసెయ్. మొహమ్మద్ హుసేన్. ఘర్‌లో ఏం మాట్లాడ్తావంటే ఉర్దూ అని చెప్పు. దూది మాట నోట్లోంచి రానీయద్దు," అన్నాడు.

హుసేనప్ప తల ఊపాడు. మనసులో మాత్రం చెప్పులో రాయి గుచ్చుకుంది. అయినా సాహెబు చెప్పిందాంట్లో అబద్ధమేముంది? బళ్ళారి సాహెబులకే తను చాలనివాడైతే అరబ్బులకు ఏం చాలుతాడు? కువైత్ దరఖాస్తులో మొహమ్మద్ హుసేన్ అనే రాశాడు. హరార్‌కు మాత్రం సర్టిఫికెట్లో ఉన్న పేరుతోనే రాశాడు, అక్కడికెలాగూ పోయేది లేదని. ఆ వేసవి అంతా సాయంత్రాలు అత్తరు దుకాణంలో కూర్చుని ఉర్దూ నేర్చుకున్నాడు. సలాము ఎలా చెయ్యాలి, కుశలం ఎలా అడగాలి, పెద్దవాళ్ళను ఎంత పొడుగు మాటలతో పలకరించాలి, మధ్యలో కవిత్వం ఎక్కడ వదలాలి, అన్నీ వల్లె వేశాడు. వహాబ్ సాహెబ్ తన పెళ్ళినాటి షేర్వాణీ కూడా ఇచ్చాడు. అది వేసుకుంటే హుసేనప్ప అచ్చం నవాబులా ఉన్నాడని దుకాణానికి వచ్చినవాళ్ళంతా అన్నారు.

హుసేనప్ప భార్య మాబున్ని మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగని వింత. ఆమె గొంతు వీధి చివరకు వినబడుతుంది. కూరగాయల హంపన్నతో కన్నడంలో, పక్కింటి కృపమణితో తెలుగులో, రెండూ కలిపి మేకతో కూడా పొద్దస్తమానం మాట్లాడుతుంది. బొంబాయి తానూ వస్తానంది, సముద్రం చూడాలని ఒకే ముక్క చెప్పింది. ఇద్దరూ గుంతకల్లులో రైలు మారి బొంబాయి మెయిలెక్కారు.

కువైత్ వర్తకుడు రేవు దగ్గర తన కంపెనీ మేడలో కూర్చుని ఉన్నాడు. నిండైన మనిషి, నవ్వుమొహం. పక్కన ఒక బొంబాయి మున్షీ. హుసేనప్ప షేర్వాణీ గుండీలు సరిచూసుకుని, వంగి సలాము చేసి, వేసవంతా వల్లె వేసిన పలకరింపు మొత్తం ఏకబిగిన అప్పజెప్పాడు. ఎక్కడా తడబడలేదు. కవిత్వం కూడా సరిగ్గా చోటు చూసి వదిలాడు. వహాబ్ సాహెబ్ చూసుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

వర్తకుడు రెప్పలార్పాడు. మున్షీ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు. తర్వాత ఇంగ్లీషులో, ఇంతసేపూ మాట్లాడింది ఏ భాష అని హుసేనప్పనే మర్యాదగా అడిగాడు.

అప్పుడు వెలిగింది హుసేనప్పకు. అరబ్బులకు ఉర్దూ రాదు. వాళ్ళకు తెలుగెంతో ఉర్దూ అంతే. బళ్ళారిలో ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. సాహెబుల భాష సాహెబులందరి భాష అని వహాబ్ సాహెబ్ అనుకున్నాడు, సాహెబు అనుకున్నాడు గనక హుసేనప్పా అనుకున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఉర్దూ అని గొణిగాడు. మీ ఇంట్లో భాషా అని వర్తకుడు అడిగాడు. అప్పుడైనా కాదంటే పోయేది. కానీ నోరు అలవాటు పడ్డ దారినే పోయింది. అవునన్నాడు. వర్తకుడు తొడ చరిచాడు. తమ ఊళ్ళో ఉర్దూ మాట్లాడే హిందుస్థానీ వర్తకుల పిల్లలు చాలామంది ఉన్నారనీ, మొదటి ఏడాది వాళ్ళకు అన్ని పాఠాలూ ఉర్దూలోనే చెప్పి తర్వాత ఇంగ్లీషులోకి తెమ్మనీ అన్నాడు. ఇంగ్లీషులో కాసేపు మాట్లాడించి, బాగుంది, వచ్చే నెలలో బయల్దేరమన్నాడు. భార్యను మాత్రం రెండేళ్ళ తర్వాత పిలిపించుకోవచ్చన్నాడు.

ఉద్యోగం వచ్చింది. హుసేనప్ప మెట్లు దిగుతుంటే షేర్వాణీ లోపల ఒళ్ళంతా చెమట. నేర్చిన పలకరింపు అయిపోయాక ఉర్దూలో తన దగ్గర మిగిలింది అత్తరు బేరం చేసేంత మాత్రమే.

సముద్రం ఒడ్డున బెంచీ మీద మాబున్ని వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. అతను జరిగిందంతా చెప్పాడు, దాచలేదు. ఆమె విని పొట్టు దులుపుకుంది.

"రెండేండ్లు నేను ఈడ, నువ్వు ఆడ. సరే, అదీ ఓర్చుకుంటా. ఆ తరువాత నేను వస్తే, ఆడ నీతో ఏ మాట మాట్లాడల్ల?"

అతను షేర్వాణీ మెడగుండీ విప్పుకున్నాడు.

"ఉర్దూ మాస్టరు పెండ్లాం తెలుగులో అరిస్తే నీ బొంకు బయటపడ్తాది గదా. మరి నేను నోరు కుట్టుకోవల్లనా? నువ్వు బొంకిన బొంకులో నేను కాపరం జేసేది ల్యా. మీ నాయన విల్లు మోసి బతికినాడు, ఒకరి ముందర దాసిపెట్టలేదు. వీధిలోకి వస్తానే మోగించినాడు."

ఆమె గొంతు పెంచలేదు, అందుకే అది సూటిగా తగిలింది. హుసేనప్ప సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. తండ్రి నారి మోత అతని చెవిలో మోగింది. పకీరప్ప ప్రతి ఊళ్ళోనూ తానెవరో ముందుగా చెప్పి అడుగుపెట్టాడు. ఇంత చదువు చదివిన తను మాత్రం గుమ్మంలో పేరు మార్చుకుని లోపలికి పోయాడు.

మర్నాడు హరార్‌వాళ్ళు రమ్మన్న రోజు. షేర్వాణీ మడిచి సంచిలో పెట్టాడు. బడికి వేసుకునే తెల్ల పైజామా, నల్లకోటు వేసుకున్నాడు. మాబున్ని చూసి, ఇప్పుడు మా ఇంటి మనిషిలా ఉన్నావంది.

హోటలు గదిలో ఇద్దరున్నారు. ఒకరు ఆ దేశపు విద్యాశాఖ అధికారి. రెండోవాడు హరార్ బడి పెద్ద, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, తలకు తెల్ల టోపీ. పేరు అడిగారు. హుసేనప్ప, పకీరప్ప కొడుకునని చెప్పాడు. ఆ పేరులో ముసల్మాను పేరు సగమే వినిపిస్తోందే అన్నాడు బడి పెద్ద. అప్పుడు హుసేనప్ప ఊపిరి పీల్చుకుని అంతా చెప్పాడు. తను ముసల్మానునని, ఇంట్లో మాట్లాడేది తెలుగని, ఉర్దూ అంతగా రాదని, అరబ్బీ నమాజుకు మించి రాదని, తండ్రి దూది ఏకేవాడని. చెబుతున్నంతసేపూ, ఇక లెమ్మంటారని ఎదురుచూస్తున్నాడు.

బడి పెద్ద కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. హరార్ చుట్టూ గోడ ఉందనీ, గోడ లోపల తరతరాల ముసల్మానులున్నారనీ, వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష అరబ్బీ కాదనీ, గోడ దాటితే ఆ భాష ఎవరికీ తెలియదనీ చెప్పాడు. మా పిల్లలు ఒక్కొక్కరూ మూడు నాలుగు భాషల మధ్య పెరుగుతారు, క్రైస్తవుల పిల్లలు కూడా అదే బడికి వస్తారు, వాళ్ళకు ఇంగ్లీషు ఎలా చెబుతావని అడిగాడు.

హుసేనప్ప బల్ల మీదున్న చెక్కస్కేలు తీసుకున్నాడు. ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఆ దరువు మీద ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం పలికాడు. భాష ఏదైనా చెవికి దరువు ఒకటే, ముందు దరువు పట్టుబడితే మాటలు తర్వాత వచ్చి కూర్చుంటాయన్నాడు. ఎక్కడ నేర్చావంటే, మా నాయన విల్లు దగ్గర అన్నాడు.

బడి పెద్ద లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో లేని విల్లును పట్టుకుని, కుడిచేత్తో లేని నారిని కొట్టి చూపించాడు. సరిగ్గా పకీరప్ప కొట్టినట్టే. మా అవ్వ రోజూ చేసే పని ఇది, మా దేశంలోనూ దూది విల్లుతోనే ఏకుతారన్నాడు. ఆ విల్లు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందని హుసేనప్ప అంటే, వచ్చేటప్పుడు దాన్ని కూడా తెమ్మన్నాడు.

విద్యాశాఖ అధికారి నవ్వి, జీతం కువైత్ అంత ఉండదని ముందే చెప్పాడు. గోడ లోపల ఇల్లు ఇస్తామనీ, భార్యను మొదటి రోజు నుంచే తెచ్చుకోవచ్చనీ అన్నాడు. వారంలోగా బదులు చెప్పమన్నాడు.

ఇంకొకడైతే అక్కడితో కువైత్ మాట మరిచేవాడు. హుసేనప్ప నేరుగా రేవు దగ్గర మేడకు వెళ్ళాడు. చెప్పిన అబద్ధాన్ని చెప్పినచోటనే దింపుకోవాలి. మున్షీ మెట్ల దగ్గరే ఆపి, వచ్చిన లక్ష్మిని కాలితో తన్నుకోవద్దని బతిమాలాడు. హుసేనప్ప వినకుండా లోపలికి పోయి, తన పేరు హుసేనప్ప అని, ఇంటిభాష తెలుగని, తను దూదేకులవాడినని, నిన్న చెప్పింది తప్పని ఒప్పుకున్నాడు.

వర్తకుడు పకపకా నవ్వాడు. నేను ఇంగ్లీషు మాస్టరు కోసం బొంబాయి వచ్చాను, నీ ఇంటిభాషతో నాకేం పని అన్నాడు. ఆ ఉర్దూ క్లాసు ఇంకెవరికో ఇస్తాను, దూదేకులవాడివైనా పరవాలేదు, నువ్వు రా అన్నాడు.

హుసేనప్ప వారంలో బదులు చెబుతానని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ అడగని వేషానికి వేసవంతా తగలేశాడు! అరబ్బుకు అక్కర్లేదు, హరారువాడికి అక్కర్లేదు. ఆ కొలత బళ్ళారిలో కొలిచిందే, దాన్ని తానే నెత్తిన పెట్టుకుని సముద్రందాకా మోశాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడినని ఇన్నేళ్ళూ అనుకున్న మనిషికి రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి.

ఇక ఎంచుకోవాలి. మాబున్నిని అడిగాడు. ఆమె చేతులెత్తేసింది.

"నన్నడగొద్దు. ఇన్నాళ్ళు నీ బదులు ఊరంతా ఎంచింది. ఒక్కసారన్నా నువ్వే ఎంచు. యాడికైనా వస్తా, మాట్లాడనిస్తే చాలు."

రైలు గుంతకల్లు చేరేదాకా హుసేనప్ప కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. కువైత్‌లో డబ్బుంది, మక్కా దగ్గర, ఊళ్ళో పేరు. వర్తకుడు మంచివాడు కూడా. కానీ ఆయన అన్నది దూదేకులవాడివైనా పరవాలేదని. హరార్ పెద్దమనిషి మాత్రం విల్లు తెమ్మన్నాడు. పరవాలేదు అనిపించుకుంటూ అతను ఇప్పటికే సగం జీవితం గడిపాడు. తక్కిన సగం రమ్మన్నచోట గడపాలనుకున్నాడు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఆ మాట మాబున్నికి చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, ముందుగా టీ అమ్మేవాడికి, ఆ తర్వాత పక్కన నిలబడ్డవాళ్ళందరికీ ఆ వార్త చెప్పేసింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని బళ్ళారిలో బంధువులు మూతి ముడిచారు. వహాబ్ సాహెబ్‌కైతే ప్రాణం పోయినంత పనైంది. హుసేనప్ప షేర్వాణీ ఉతికించి, ఇస్త్రీ చేయించి, దుకాణానికి పట్టుకెళ్ళాడు. సాహెబు దాని వైపు చూడలేదు. అరబ్బుల నేల వదిలి క్రైస్తవ రాజు ఏలే హబష్‌కు, ఆ అబిసీనియాకు పోతావా, నువ్వు ముసల్మానువేనా అని అడిగాడు.

హుసేనప్ప ఆయన ఎదుట నేల మీద కూర్చున్నాడు. వాదులాటకు కూర్చున్నట్టు కాదు, పాఠం అప్పజెప్పడానికి కూర్చున్నట్టు.

"సాబ్, మీరే గదా జుమ్మానాడు చెప్పినారు. మక్కాలో మొదటి ముసల్మానులకు నిలవనీడ ల్యాకపోతే ప్రవక్త వాళ్ళను యాడికి పంపినాడు? హబష్ రాజు దగ్గరికే. ఆయన క్రైస్తవుడే గదా. మీ వేషమేంది, మీ మాటేంది అనలేదు. నా నేల మీద ఉండండన్నాడు. నన్నూ ఆ నేలవాళ్ళే రమ్మంటాండారు."

అది వహాబ్ సాహెబే ఏటేటా కళ్ళనీళ్ళతో చెప్పే కథ. మొదటి అజాను పలికిన బిలాల్ కూడా హబష్‌వాడేనని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అత్తరు సీసాలు అటూ ఇటూ జరిపాడు. చివరికి షేర్వాణీ తీసి హుసేనప్ప ఒళ్ళోనే పెట్టాడు.

"ఉంచుకో. ఈద్‌నాడు తొడుక్కో ఆడ," అన్నాడు.

బళ్ళారి స్టేషనులో హుసేనప్పను సాగనంపడానికి దయాసాగర్, కృపమణి, పాత విద్యార్థులు వచ్చారు. సామానులో అన్నిటికంటే పెద్దది విల్లు. దాన్ని రైలుపెట్టెలోకి ఎక్కించడానికి ఒక కిటికీ లోంచి తోసి, ఇంకో కిటికీ లోంచి లాగాల్సి వచ్చింది. గార్డు కేకలేశాడు. ఎవరో కుర్రాళ్ళు, దూదేకుల బడి పరదేశం పోతోందని అరిచారు. ఈసారి హుసేనప్ప నవ్వాడు, నిజంగా నవ్వొచ్చి నవ్వాడు. అందరూ చూస్తుండగా విల్లు నారిని ఒకసారి లాగి వదిలాడు. స్టేషనంతా మోగింది.

హరార్‌లో అతని మొదటి క్లాసు గురించి మాబున్ని చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఆమె కిటికీ బయట నిలబడి చూసింది. పిల్లలు ఎవరి భాషలో వాళ్ళు గొడవ పెడుతున్నారట. ఈయన మాట్లాడకుండా విల్లు తీసి పెద్ద దెబ్బ కొట్టాడట. గది గప్‌చిప్. తమ ఇళ్ళల్లో అవ్వల చేతుల్లో ఉండే వస్తువు మాస్టరు చేతిలో చూసి నోళ్ళు తెరిచారట. ఆ దరువు మీద మొదటి వాక్యం అందరూ ఒకే గొంతుతో పలికితే, పక్క గదుల మాస్టర్లు పరుగున వచ్చారట. ఈ మాస్టర్లు వెక్కిరించలేదు. మర్నాడు తమ క్లాసులకు కూడా వచ్చి దరువు నేర్పమన్నారు.

మాబున్నికి ఆ ఊళ్ళో ఇంకా తొందరగా పని కుదిరింది. గోడ లోపలి సంతలో ఆడవాళ్ళు రంగురంగుల బట్టలు కట్టి, గట్టిగా బేరాలాడుతూ కూర్చునేవారు. అక్కడ ఒక గంపలో గురెళ్ళు కనిపించాయి. బళ్ళారిలో వేయించి, మిరపకాయ వేసి దంచి, జొన్నరొట్టెలోకి నంజుకునే ఆ నల్లని సన్నగింజలే. గంప ముందు కూలబడి, ఇవి మా ఊరివి అంటే, అమ్మే ఆమె కాదు మా ఊరివి అందట. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలియకుండా పొద్దెక్కేదాకా పోట్లాడుకున్నారు. సాయంత్రానికి ఆమె మాబున్ని ఇంట్లో కూర్చుని గురెళ్ళ కారం తింటోంది. మాబున్నికి నోరు కుట్టుకునే అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.

నాలుగేళ్ళకు సెలవు మీద ఇద్దరూ బళ్ళారి వచ్చారు. రంజాను పండగ కలిసొచ్చింది. హుసేనప్ప అదే షేర్వాణీ వేసుకుని ఈద్గాకు వెళ్ళాడు. ఎప్పుడూ నిలబడే చివరి వరసలోనే చాప వేసుకున్నాడు, అలవాటు కొద్దీ. నమాజు అయ్యాక జనం ఆలింగనాలు చేసుకుంటుంటే, ముందు వరస నుంచి వహాబ్ సాహెబ్ కర్ర పొడుచుకుంటూ అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. చెయ్యి పట్టుకుని, జనం మధ్య నుంచి ముందుకు లాక్కుపోయాడు. అక్కడ హైదరాబాదు నుంచి వచ్చిన ఒక మౌల్వీ ఉన్నాడు. పొడుగు షేర్వాణీ చూసి ఆయన ఉర్దూలో, తమరు ఏ ఖాన్‌దాన్‌వారని హుసేనప్పను అడిగాడు.

హుసేనప్ప నోరు తెరిచేలోపే వహాబ్ సాహెబ్ అందుకున్నాడు. మౌల్వీకి అర్థమవుతుందో లేదో కూడా చూసుకోకుండా తెలుగులో, ఈద్గా అంతా వినేటంత గట్టిగా చెప్పాడు.

"ఈయన మా హుసేనప్ప. రూపనగుడి దూదేకుల పకీరప్ప కొడుకు. హబష్‌లో ఇంగ్లీషు చెప్తాండాడు, వాళ్ళ నాయన విల్లుతో."

సాహెబు తను కత్తిరించిన అప్పను తన నోటితోనే కుట్టేశాడు. హుసేనప్ప ఆయన్ను కావలించుకుని, ఈద్ ముబారక్ సాబ్ అన్నాడు. బయట ఆడవాళ్ళ మధ్యలో మాబున్ని గురెళ్ళ పోట్లాట కథ చెబుతుంటే, ఆమె గొంతు ఈద్గా లోపలిదాకా వినబడుతోంది.